92 తెచ్చిన తంటా

ఉపాధ్యాయుడు ఉక్తలేఖనం చెబుతున్నాడనుకోండి. "రాముడు కామా లక్ష్మణుడు కామా సీత అడవికి వెళ్ళారు ఫుల్‌స్టాప్" అంటాడు. మీరు "కామా" అనే రెండక్షరాలు రాయరు. దాని బదులు కొక్కెం లాంటి చిన్న గుర్తు పెడతారు. అది రాయవలసిన మాట కాదనీ, చేయవలసిన పనిని చెప్పే మాట అనీ మీకు తెలుసు.

తరువాత ఉపాధ్యాయుడు "కామాక్షి బడికి వచ్చింది" అన్నాడు. మీరు "కామాక్షి" అనే రాస్తారు. కాని తెలుగు రాని ఒక యంత్రం రాస్తోందనుకుందాం. "కామా అని వినబడగానే కొక్కెం గుర్తు పెట్టు" అని మాత్రమే దానికి నేర్పారు. అది ఏం రాస్తుంది? ", క్షి బడికి వచ్చింది" అని రాస్తుంది. పాపం, కామాక్షి పేరు చెడిపోయింది! తప్పు ఎవరిది? పేరుదా, చెప్పినవారిదా, యంత్రానిదా?

ఇది కల్పించిన ఉదాహరణ. కాని అచ్చంగా ఇలాంటి చిక్కే 1980లలో జపాను దేశంలో కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవారికి ఎదురైంది. అక్కడ "కామా" పాత్ర వహించినది 92 అనే అంకె. ఆ చిక్కు ఎలా పుట్టింది, దాన్ని ఎలా తప్పించుకున్నారు, చివరకు ఎలా పోయింది అన్నది తెలుసుకుంటే కంప్యూటరు అక్షరాలను ఎలా చూస్తుందో మనకు బాగా అర్థమవుతుంది.

అక్షరాలకు అంకెలు

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. దానికి తెలిసినవి అంకెలే. అందుచేత ప్రతి అక్షరానికీ ఒక అంకె కేటాయించాలి. అమెరికాలో 1963లో ఇందుకు ఒక ప్రమాణం ఏర్పడింది. దాని పేరు ఆస్కీ. ఇందులో 0 నుంచి 127 వరకు 128 అంకెలున్నాయి. ఇంగ్లీషు పెద్ద ఏ అక్షరానికి 65, చిన్న ఎన్ అక్షరానికి 110, కొటేషన్ గుర్తుకు 34. ఎడమవైపుకు వాలిన గీత ఒకటుంది: \ . దీన్ని బ్యాక్‌స్లాష్ అంటారు. దీని అంకె 92.

కంప్యూటరు జ్ఞాపకంలో ఒక్కొక్క అంకె కూర్చునే గడిని బైటు అంటారు. ఒక బైటులో 0 నుంచి 255 వరకు ఏ అంకె అయినా పడుతుంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు, ఇంకా సగం చోటు మిగులుతుంది.

1970ల తొలినాళ్ళలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ అనే శాస్త్రజ్ఞుడు "సి" అనే ప్రోగ్రాము భాషను తయారుచేశాడు. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే ఆదేశాలుగా మార్చే సాధనాన్ని కంపైలరు అంటారు. తెర మీద ఏదైనా మాట చూపించాలంటే ఆ మాటను ప్రోగ్రాములో రెండు కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. ఇలా రాసిన అక్షరాల వరుసను స్ట్రింగు అంటారు.

అయితే స్ట్రింగులో "ఇక్కడ కొత్త వరుస మొదలుపెట్టు" అని చెప్పడం ఎలా? దానికి సి భాషలో ఒక ఏర్పాటు ఉంది. బ్యాక్‌స్లాష్ కనబడితే కంపైలరు దాన్ని మామూలు అక్షరంగా తీసుకోదు. దాని పక్కనున్న అక్షరాన్ని కలిపి ఒక ఆదేశంగా చదువుతుంది. 92 పక్కన 110 ఉంటే, అంటే బ్యాక్‌స్లాష్ పక్కన ఎన్ ఉంటే, "కొత్త వరుస" అని అర్థం. 92 పక్కన 34 ఉంటే "ఈ కొటేషన్ గుర్తు స్ట్రింగుకు ముగింపు కాదు, దీన్ని అచ్చు వెయ్యి" అని అర్థం. మరి బ్యాక్‌స్లాష్‌నే అచ్చు వేయాలంటే? రెండుసార్లు రాయాలి. 92, 92 పక్కపక్కన కనబడితే కంపైలరు ఒకే 92 వేస్తుంది. ఉక్తలేఖనంలో "కామా కామా అంటే కామా అనే మాటే రాయండి" అని ముందుగా ఒప్పందం చేసుకున్నట్టన్న మాట.

ఇంగ్లీషుకు ఈ ఏర్పాటు చక్కగా సరిపోయింది. ఇంగ్లీషు మాటల మధ్య బ్యాక్‌స్లాష్ రాదు గదా!

జపాను లెక్క

జపాను భాషను మూడు రకాల లిపులు కలిపి రాస్తారు. హిరగానా, కతకానా అనేవి మన గుణింతం లాగా ధ్వనులను తెలిపే లిపులు. మూడోది చైనా నుంచి వచ్చిన కంజీ. కంజీలో ఒక్కొక్క గుర్తు ఒక్కొక్క భావాన్ని తెలుపుతుంది. నిత్యవ్యవహారం కోసం ఆ ప్రభుత్వం 2010లో ప్రకటించిన పట్టికలోనే 2,136 కంజీలున్నాయి. 256 అంకెలు పట్టే ఒక్క బైటులో ఇవి ఇమడవు. కనుక ఒక్కొక్క అక్షరానికి రెండు బైట్లు ఇవ్వాలి.

1978లో జపాను ప్రమాణాల సంస్థ 94 వరుసలు, వరుసకు 94 గళ్ళు ఉన్న పట్టిక వేసి, అందులో ఆరు వేలకు పైగా కంజీలను కూర్చింది. మొత్తం గళ్ళు 94 × 94 = 8,836.

ఈ గళ్ళకు బైట్లు కేటాయించేటప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. అంతకుముందే, 1969లో, 161 నుంచి 223 వరకు ఉన్న అంకెలను సగం వెడల్పు కతకానా అక్షరాలకు ఇచ్చేశారు. అప్పటికే ఉన్న యంత్రాలు, దస్త్రాలు వాటిని వాడుతున్నాయి. ఆ అక్షరాలను కదపకుండా కంజీలను వాటి పక్కన సర్దాలి. 1980ల తొలి సంవత్సరాలలో వచ్చిన "షిఫ్ట్ జిస్" అనే పద్ధతి ఈ సర్దుబాటు చేసింది.

ఇందులో కంజీ మొదటి బైటు 129 నుంచి 159 వరకు గాని, 224 నుంచి 239 వరకు గాని ఉంటుంది. లెక్క వేయండి: 31 + 16 = 47. వరుసలు 94 ఉన్నాయి, మొదటి బైట్లు 47 మాత్రమే దొరికాయి. అంటే ఒక్కొక్క మొదటి బైటు రెండు వరుసలను మోయాలి. కాబట్టి రెండో బైటుకు 94 × 2 = 188 అంకెలు కావాలి. 128కి పైన అన్ని లేవు. అందువల్ల రెండో బైటును 64 నుంచి 126 వరకు, మళ్ళీ 128 నుంచి 252 వరకు తీసుకున్నారు. 63 + 125 = 188. లెక్క అక్షరాలా సరిపోయింది!

సరిపోయింది గాని, 64కూ 126కూ నడుమ ఎవరున్నారో చూశారా? ఇంగ్లీషు అక్షరాలున్నాయి. వాటితోపాటు 92 కూడా ఉంది.

"ప్రదర్శన" కాస్తా "అవమానం" అయింది

మొదటి బైట్లు 47 కనుక, రెండో బైటు 92 అయ్యే గళ్ళు కూడా 47. వాటిలో కొన్ని ఖాళీ గళ్ళు. కాని మిగిలిన వాటిలో రోజూ వాడే అక్షరాలు పడ్డాయి. పది అనే అంకెను తెలిపే కంజీ, సామర్థ్యాన్ని తెలిపే కంజీ, దరఖాస్తు అనే మాటలో వచ్చే కంజీ, పట్టికను తెలిపే కంజీ అందులోవే. కతకానాలో "సో" అనే అక్షరం కూడా అందులోదే. జపాను భాషలో సాఫ్ట్‌వేరును "సోఫుతో" అంటారు. అంటే సాఫ్ట్‌వేరు రాసేవారికి సాఫ్ట్‌వేరు అన్న మాట రాయడంలోనే చిక్కు వచ్చిందన్న మాట!

అమెరికాలో తయారైన కంపైలరుకు జపాను అక్షరాలు తెలియవు. అది స్ట్రింగును ఒక్కొక్క బైటుగా చదువుకుంటూ పోతుంది. 92 కనబడగానే, అది కంజీలో రెండో సగమని గ్రహించక, బ్యాక్‌స్లాష్ అనుకుంటుంది. కామాక్షిలో కామా విన్నట్టు!

ఒక ఉదాహరణ చూద్దాం. "ప్రదర్శించు" అనే అర్థంలో జపాను ప్రోగ్రాములన్నిటిలో కనబడే మాట "హ్యోజి". ఇందులో రెండు కంజీలున్నాయి. వాటి బైట్లు వరుసగా ఇవి:

149, 92, 142, 166

కంపైలరు 149ని చదివి పక్కన పెడుతుంది. తరువాత 92. ఇది ఆదేశం మొదలు అనుకుని 142ను చూస్తుంది. 92, 142 అనే ఆదేశం దాని జాబితాలో లేదు. ఇలాంటప్పుడు చాలా కంపైలర్లు 92ను వదిలేసి 142ను ఉంచుతాయి. మిగిలినవి:

149, 142, 166

ఇప్పుడు తెర 149ని, 142ని ఒక జంటగా చదువుతుంది. ఆ జంట వేరొక కంజీ. దాని అర్థం అవమానించడం, చులకన చేయడం! చివర మిగిలిన 166 ఒంటరిగా ఒక సగం వెడల్పు కతకానా అక్షరమై నిలబడుతుంది. "ప్రదర్శన" అని రాస్తే తెర మీద "అవమానం" అని వచ్చింది.

ఇంకొక రకం చూడండి. పట్టిక అనే కంజీ స్ట్రింగులో చిట్టచివర వచ్చిందనుకోండి. దాని బైట్లు 149, 92. వెంటనే ముగింపు కొటేషన్ గుర్తు, అంటే 34. కంపైలరు 92, 34ను కలిపి "ఇది ముగింపు కాదు" అనుకుంటుంది. స్ట్రింగు ఎక్కడ ముగిసిందో దానికి తెలియదు. ప్రోగ్రాము తయారే కాదు.

ఈ అక్షరాలకు జపాను ప్రోగ్రామర్లు "దమే మోజీ" అని పేరు పెట్టారు. పనికిరాని అక్షరాలని దాని అర్థం. ఆలోచించండి, అక్షరాలు నిజంగా పనికిరానివా? శతాబ్దాలుగా చేతితో రాస్తున్న అక్షరాలు అవి. పనికిరానిది వాటిని చదివే పద్ధతి.

చుట్టుదారి

వంతెన కూలితే ఏం చేస్తాం? కొత్త వంతెన కట్టేదాకా ఊరి చుట్టూ తిరిగి వెళతాం. కంపైలరును తయారుచేసినవారు ఎక్కడో ఉన్నారు. ప్రోగ్రాము మాత్రం ఈ వారమే పూర్తి కావాలి. అందుకని జపాను ప్రోగ్రామర్లు చుట్టుదారులు కనిపెట్టారు.

మొదటిది చాలా తేలిక. చిక్కు అక్షరం తరువాత ఒక బ్యాక్‌స్లాష్‌ను అదనంగా చేర్చడం. అప్పుడు "హ్యోజి" ఇలా అవుతుంది:

149, 92, 92, 142, 166

92, 92 పక్కపక్కన ఉంటే ఒకే 92 అని గదా కంపైలరు నియమం! అది అలాగే చదివి 149, 92, 142, 166 అని ఇస్తుంది. తెర మీద మాట సవ్యంగా కనబడుతుంది. యంత్రం తప్పును యంత్రం నియమంతోనే సరిదిద్దారు.

రెండోది, అక్షరానికి బదులు దాని అంకెలనే రాయడం. సి భాషలో బ్యాక్‌స్లాష్ తరువాత ఎనిమిది మూలంగా గల సంఖ్య రాస్తే ఆ విలువ గల బైటు వస్తుంది. 149ని ఆ పద్ధతిలో 225 అని, 92ను 134 అని రాస్తారు. కనుక \225\134 అంటే పట్టిక అనే కంజీ. ఇది ఏ కంపైలరులోనైనా పనిచేస్తుంది. కాని చదివే మనిషికి ఏ అక్షరమో బోధపడదు.

మూడోది, తెర మీద చూపవలసిన మాటలను ప్రోగ్రాములో రాయకుండా వేరే ఫైలులో ఉంచి, అవసరమైనప్పుడు చదువుకోవడం. కంపైలరు ఆ ఫైలును చూడదు గనుక చెడగొట్టలేదు.

నాలుగోది, ఆ అక్షరాలను మానేసి వేరే మాటలు వాడడం. ఇది అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా చెడ్డది. యంత్రానికి రాదు కాబట్టి మనుషులు తమ భాషలో కొన్ని మాటలు వదులుకోవాలన్న మాట. ఒకరి పేరులోనే ఆ అక్షరం ఉంటే ఏం చేస్తారు? పేరు మార్చుకోమంటారా?

చుట్టుదారిలో గుంటలు

మొదటి చుట్టుదారిలో ఒక ప్రమాదం దాగి ఉంది. కొంతకాలానికి జపాను అక్షరాలు తెలిసిన కంపైలర్లు వచ్చాయి. 1989లో సి భాషకు అమెరికాలో ఏర్పడిన ప్రమాణం కూడా ఒకటి కన్న ఎక్కువ బైట్లు గల అక్షరాలను గుర్తించింది. కొత్త కంపైలరు 148, 92 చూడగానే "ఇది సామర్థ్యాన్ని తెలిపే కంజీ" అని సరిగ్గా గుర్తిస్తుంది. మంచిదే గదా? కాని పాత ప్రోగ్రాములో ఆ కంజీ పక్కన అదనపు బ్యాక్‌స్లాష్ ఇంకా కూర్చుని ఉంది!

ఆ కంజీ తరువాత కొత్త వరుస రావాలనుకుందాం. పాత కంపైలరు కోసం చుట్టుదారిలో ఇలా రాసి ఉంటారు:

148, 92, 92, 92, 110

పాత కంపైలరు మొదటి రెండు 92లను ఒకటిగా చేసి, మూడో 92ను 110తో కలిపి కొత్త వరుసగా చదివేది. సరిగ్గా మనకు కావలసిందదే. కొత్త కంపైలరు 148, 92ను కంజీగా తీసుకుంటుంది. మిగిలిన 92, 92ను ఒక బ్యాక్‌స్లాష్‌గా, 110ని ఎన్ అక్షరంగా అచ్చు వేస్తుంది. కొత్త వరుస రాదు. మాట చివర అర్థంలేని రెండు గుర్తులు వస్తాయి. నిన్న మందుగా పనిచేసినది నేడు రోగమైంది.

ఇంకా చిత్రమేమిటంటే, అదే ప్రోగ్రామును జపాను భాషకు అమర్చిన కంప్యూటరులో ఒక రకంగా, ఇంగ్లీషుకు అమర్చిన కంప్యూటరులో మరొక రకంగా చదివే కంపైలర్లు కూడా ఉన్నాయి. అప్పుడు ఏది ఉంచాలి, ఏది తీయాలి?

అందుకే అనుభవజ్ఞులైన ప్రోగ్రామర్లు ఒక నియమం పాటిస్తారు. చుట్టుదారి వేసిన చోట, కంపైలరు పట్టించుకోని వ్యాఖ్యగా, నాలుగు మాటలు రాసి ఉంచుతారు. ఇక్కడ ఈ అదనపు గుర్తు ఎందుకు ఉంది, ఏ కంపైలరు కోసం పెట్టాం, ఎప్పుడు తీసేయవచ్చు అని. విరిగిన చేతికి కట్టు కట్టిన వైద్యుడు దాన్ని ఎప్పుడు విప్పాలో చీటీ మీద రాసి ఇస్తాడు గదా! ఇదీ అంతే.

అసలు మరమ్మతు

చుట్టుదారి ఎంత బాగున్నా వంతెన వంతెనే. ఈ చిక్కుకు మూలం ఎక్కడుంది? ఒకే అంకె, 92, ఒకచోట గుర్తుగా, మరొకచోట అక్షరంలో సగంగా పనిచేయడంలో ఉంది. ఆ రెండు పాత్రలనూ విడదీస్తే చిక్కే ఉండదు.

జపానులోనే యూనిక్స్ కంప్యూటర్లలో వాడిన మరొక పద్ధతిలో కంజీ బైట్లు రెండూ 161కి పైనే ఉండేవి. అక్కడ 92తో గొడవ రాలేదు. ప్రపంచ భాషలన్నిటికీ ఇలాంటి ఏర్పాటు 1992లో వచ్చింది. బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు ఆ సెప్టెంబరులో ఒక సాయంత్రం న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చున్నారు. పళ్ళెం కింద పరిచే కాగితం మీదనే థాంప్సన్ ఆ పద్ధతి రూపురేఖలు గీశాడు. దానికి యూటీఎఫ్-8 అని పేరు. దాని ముఖ్య నియమం ఇది: 0 నుంచి 127 వరకు అంకెలు ఆస్కీ గుర్తులకే సొంతం. ఒకటి కన్న ఎక్కువ బైట్లు గల అక్షరంలో ప్రతి బైటూ 128 గాని, అంతకు మించి గాని ఉండాలి. ఇక ఏ భాషలోని ఏ అక్షరం కడుపులోనూ 92 దాక్కోలేదు!

మన తెలుగు సంగతి

ఈ నియమం వల్ల మనకు కలిగిన మేలు చూద్దాం. ప్రపంచ లిపులన్నిటికీ అంకెలిచ్చే యూనికోడ్ పట్టికలో 1991లో వెలువడిన మొదటి కూర్పు నుంచే తెలుగు ఉంది. తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. క అక్షరానికి 3093, మ అక్షరానికి 3118.

వీటిని యూటీఎఫ్-8 బైట్లుగా మార్చడం మీరే చేయగలరు. తెలుగు అక్షరం అంకెను 64తో భాగించండి. భాగఫలానికి 128 కలిపితే రెండో బైటు. శేషానికి 128 కలిపితే మూడో బైటు. మొదటి బైటు తెలుగుకు ఎప్పుడూ 224. ఉదాహరణకు 3093ను 64తో భాగిస్తే భాగఫలం 48, శేషం 21. కనుక క అంటే 224, 176, 149.

కామాక్షి అనే పేరులో క, దీర్ఘం, మ, దీర్ఘం, క, పొల్లు, ష, గుడి అని ఎనిమిది అంకెలున్నాయి. ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 24 బైట్లు. ఈ ఇరవై నాలుగింటిలో 92 ఎక్కడైనా వస్తుందేమో వెతకండి. రాదు. శేషం ఏదైనా దానికి 128 కలుపుతున్నాం గదా! కనుక తెలుగు తెలియని కంపైలరు కూడా తెలుగు మాటను చెడగొట్టకుండా అటునుంచి ఇటు అందిస్తుంది.

జపానులో షిఫ్ట్ జిస్‌లో దాచిన పాత ఫైళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిని తెరిచేవారు 92తో జాగ్రత్తగానే ఉండాలి. కాని కొత్తగా రాసేవారికి ఆ బాధ తగ్గింది. చుట్టుదారి ఆ రోజు పని గడిపింది. చిక్కును పోగొట్టింది మాత్రం మూలాన్ని వెతికి సరిదిద్దిన నియమం.

మీరే చేసి చూడండి

1. మ అక్షరం (3118), పొల్లు (3149) యూటీఎఫ్-8లో ఏ బైట్లుగా ఉంటాయి?

2. సామర్థ్యాన్ని తెలిపే కంజీ (148, 92) తరువాత కొత్త వరుస కావాలి. ప్రోగ్రామరు చుట్టుదారి తెలియక 148, 92, 92, 110 అని రాశాడు. జపాను అక్షరాలు తెలియని కంపైలరుతో తెర మీద ఏమి వస్తుంది?

3. ఎనిమిది మూలంగా రాసిన 225 విలువ 149 అని నిరూపించండి.

జవాబులు: 1. మ: 224, 176, 174. పొల్లు: 224, 177, 141. 2. కంపైలరు 92, 92ను ఒక 92గా తీసుకుంటుంది. కాబట్టి కంజీ సరిగ్గానే వస్తుంది. కాని కొత్త వరుస రాదు, దాని బదులు ఎన్ అక్షరం అచ్చవుతుంది. 3. (2 × 64) + (2 × 8) + 5 = 128 + 16 + 5 = 149.